అటక మీద దొరికిన కంచు పలక: ఓల్డమ్ నూలు మిల్లు కుటుంబం వారసుల్ని ఎలా పట్టుకోవాలి?

పాత ఇంటి కొత్త ఓనర్:

అందరికీ నమస్తే. కాస్త పొడుగు కథ, ఓపిగ్గా చదవండి.

పోయినేడు ఓల్డమ్‌లో ఒక పాత టెర్రస్ ఇల్లు (పక్కిళ్లతో గోడ కలిసి ఉండే వరస ఇల్లు) కొన్నాం. మాంచెస్టర్ పక్కనే ఉంటుంది, ఒకప్పుడు నూలు వడకడంలో ప్రపంచంలో దీన్ని మించిన ఊరు లేదట, ఇప్పుడు మిల్లులన్నీ గోడౌన్లు, ఫ్లాట్లు అయిపోయాయి. మొన్న అటక మీద పాత ఇన్సులేషన్ పీకిస్తుంటే తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి బయటపడింది. లోపల ఒక ఫొటో, సండే స్కూల్లో ఎవరికో బహుమతిగా ఇచ్చిన పుస్తకం, చేతిరుమాల్లో చుట్టిపెట్టిన గుండ్రటి కంచు పలక. పలక నా అరచేతి కంటే పెద్దది, బాగా బరువుంది. బ్రిటానియా (బ్రిటన్‌కి గుర్తుగా వేసే స్త్రీ) బొమ్మ, సింహం, ఒక గడిలో ఒక మనిషి పూర్తి పేరు, అంతే. ర్యాంకు లేదు, నంబరు లేదు, తేదీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ల ఇళ్లకి ప్రభుత్వం ఇలాంటివి 13 లక్షలకు పైగా పంపిందనీ, చూడ్డానికి అప్పటి పెన్నీ నాణెంలా ఉంటుందని జనం దీన్ని 'డెడ్ మ్యాన్స్ పెన్నీ' అనేవాళ్లనీ తర్వాత తెలిసింది.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరు కొడితే అదే పేరుతో చాలామంది వచ్చారు. అందులో ఒకడు మాంచెస్టర్ రెజిమెంట్ 10వ బెటాలియన్, 4 జూన్ 1915న టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో పోయాడు, సమాధి లేదు, అక్కడి హెలెస్ మెమోరియల్ మీద పేరు మాత్రం ఉంది. ఆ బెటాలియన్ ఓల్డమ్‌దే కాబట్టి ఇతనే అనుకుంటున్నా. కానీ 1911 జనాభా లెక్కల్లో మా ఇంటి అడ్రస్ తీసి చూస్తే అక్కడున్నది వేరే ఇంటిపేరు వాళ్లు. అక్కడే ఆగిపోయా.

పేరు ఇక్కడ రాయట్లేదు, వాళ్ల మనుషులు ఎవరైనా ఉండొచ్చు. ఇంటిపేరు మాత్రం టేలర్, స్మిత్ లాంటిదే, వీధికి నలుగురుంటారు. "ఏ తల్లి కొడుకుదో, మన అటక మీద ఎందుకు, వాళ్లకి ఇచ్చేద్దాం" అని మా ఆవిడ ఒకటే పోరు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రికార్డుల పురుగు:

లీడ్స్‌లో ఉంటాను, పదేళ్లుగా ఇదే పిచ్చి. మీరు ఆగిపోవాల్సిన పని లేదు, పొరపాటు ఒక్కటే జరిగింది: ఇంటిని పట్టుకుని వెతికారు. మిల్లు కూలీలకి సొంతిల్లు ఎక్కడిది! దాదాపు అందరూ అద్దెకే ఉండేవాళ్లు, గది చాలకపోయినా, అద్దె పెరిగినా, మిల్లు మారినా సామాను బండిలో వేసుకుని పక్క వీధికి పోయేవాళ్లు. 1911లో ఆ ఇంట్లో ఎవరున్నారన్నది మీ డబ్బాకి సంబంధం లేని విషయం. మనిషిని పట్టుకోండి.

ముందు ఇతనే అతనా అని తేల్చుకోండి. సర్వీస్ రికార్డు మీద ఆశ పెట్టుకోకండి, 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు మామూలు సైనికుల ఫైళ్లలో సుమారు 60 శాతం కాలిపోయాయి. దానికి బదులు 'సోల్జర్స్ ఎఫెక్ట్స్' రిజిస్టర్ చూడండి. చనిపోయినవాడికి రావాల్సిన జీతం డబ్బులు ఎవరికి ఇచ్చారో అందులో ఉంటుంది, తల్లా, తండ్రా, భార్యా అని. పెన్షన్ కార్డులు కూడా చూడండి, రక్షణ శాఖ వద్దనుకున్నవి వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అనే ఆ యుద్ధ చరిత్ర సంఘం వాళ్లు 60 లక్షలకు పైగా కాపాడారు, వాటి మీద చాలాసార్లు అడ్రస్ కూడా ఉంటుంది. తల్లి పేరు దొరికితే 1911లో ఆ తల్లీకొడుకులు కలిసి ఉన్న ఇల్లు వెతకండి. 1911 ఫారం ఇంటివాళ్లు సొంత చేత్తో నింపిందే భద్రంగా ఉంది, అంతకుముందు సంవత్సరాలవి ఎన్యుమరేటర్ (లెక్కలు సేకరించే మనిషి) ఎత్తిరాసుకున్నవి.

ఇక అసలు సంగతి. పైకి, అంటే తాతముత్తాతల వైపు వెళ్లడం సులువు, అందరూ అదే చేస్తారు. మీరు కిందికి రావాలి. కుర్రాడు పెళ్లికాకుండా పోయి ఉంటే అతనికి వారసులంటే తోబుట్టువుల పిల్లలే. అన్నదమ్ముల్ని వెతకడం కంటే అక్కచెల్లెళ్లని వెతకడమే నయం అని నా అనుభవం, వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ. అందరూ "ఆడపిల్ల పెళ్లయితే ఇంటిపేరు మారిపోతుంది, పోయినట్టే" అనుకుని వదిలేస్తారు. ఇంటిపేరు టేలర్ అయినప్పుడు మగపిల్లాడే గుంపులో కలిసిపోతాడు, ఆడపిల్లకి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, రెండూ కలిపి వెతికితే ఓల్డమ్ మొత్తంలో ఒకటో రెండో జంటలు మిగులుతాయి. అదృష్టం ఏమిటంటే ఇంగ్లండ్ పెళ్లిళ్ల సూచికలో 1912 మొదటి త్రైమాసికం నుంచి అవతలివాళ్ల ఇంటిపేరు కూడా వేశారు. పుట్టుకల సూచికలో 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచి తల్లి పుట్టింటి ఇంటిపేరు వేశారు. రెండూ ఫ్రీబీఎండీ అనే సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, 1998 నుంచి వాలంటీర్లు కూర్చుని టైపు చేస్తున్నారు పాపం. అంటే మీ కుర్రాడి చెల్లెళ్ల పెళ్లిళ్లు, వాళ్ల పిల్లలు సరిగ్గా ఈ సౌకర్యం వచ్చాక జరిగినవే. ఇదే కథ 1870లో అయితే నేను కూడా చేతులెత్తేసేవాణ్ణి.

వరంగల్ టు విగన్:

అన్నా, 1939 రిజిస్టర్ చూశారా? యుద్ధం మొదలవగానే 29 సెప్టెంబరు 1939న ఇంటింటికీ తిరిగి రాసుకున్నది, ఐడెంటిటీ కార్డుల కోసం. ఇంగ్లండ్‌కి అది బంగారం, ఎందుకంటే 1931 లెక్కలు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది. నేను నర్సుని కాబట్టి నాకు ఇష్టమైన ముక్క: ఆ పుస్తకాల్నే తర్వాత ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) 1991 వరకూ వాడుకుంది, అందుకని తర్వాత పెళ్లయిన అమ్మాయిల పాత ఇంటిపేరు కొట్టేసి పైన కొత్తది రాసి ఉంటుంది. అడ్రస్‌తో కూడా వెతకొచ్చు. మీ ఇంటి నంబరు అక్కడ కొట్టండి, 1911లో కాదు.

బ్రాడ్‌ఫర్డ్ బావ:

అందరూ ఉత్సాహపరుస్తున్నారు, నేను కాస్త నీళ్లు చల్లుతా. ఆన్‌లైన్‌లో జనం పెట్టిన వంశవృక్షాల్ని మాత్రం నమ్మొద్దు. మా వీధిలో ఒక ముసలాయన కోసం ఇలాగే వెతికిపెట్టా, రెడీమేడ్ వృక్షం ఒకటి దొరికింది కదా అని దాన్ని పట్టుకుని మూడు నెలలు వేరే కుటుంబం వెంట తిరిగా. ఊరు ఒకటే, పేరు ఒకటే, పుట్టిన ఏడు కూడా దగ్గర దగ్గరే. అందులో ఒక పిల్లాడు రెండేళ్లకే పోయాడని మరణాల సూచిక చూస్తే గానీ తెలియలేదు, వృక్షంలో వాడికి పెళ్లి చేసి ఆరుగురు పిల్లల్ని కూడా తగిలించారు! ఒకరు తప్పు రాస్తే ఇంకో నలభైమంది కాపీ కొట్టడం, నలభైమంది రాశారు కాబట్టి నిజమే అనుకోవడం.

ఇంకోటి, అసలు వాళ్లకి కావాలో వద్దో. మాంచెస్టర్ రెజిమెంట్ కాగితాలు ఆష్టన్‌లో టేమ్‌సైడ్ లోకల్ స్టడీస్ అనే స్థానిక చరిత్ర కేంద్రంలో ఉన్నాయి, ముందు వాళ్లని ఓ మాట అడగండి, పలక ఎక్కడికి పోవాలో చెప్తారు. వెతకొద్దు అనట్లేదు, కానీ రెండో దారి ఒకటి పెట్టుకోండి.

పాత ఇంటి కొత్త ఓనర్:

రెండు వారాలు నిద్ర లేదు, ఆఫీసులో కూడా ట్యాబ్ తెరిచే ఉంది.

ఎఫెక్ట్స్ రిజిస్టర్‌లో డబ్బు తల్లికి ఇచ్చినట్టుంది, ఆమె పేరు దొరికింది. ఆ పేరుతో 1911లో వెతికితే మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్నారు. ఆమె అప్పటికే విధవ. పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అనే గళ్లు భర్త ఉన్న ఆడవాళ్లకి మాత్రమేనట, ఆమె మాత్రం నింపేసింది: ఎనిమిది, ఐదు, మూడు. ఆఫీసులో ఎవరో దాని మీద అడ్డంగా గీత కొట్టారు. గీత కింద అంకెలు శుభ్రంగా కనిపిస్తున్నాయి. నేను ఆ ముక్క దగ్గరే చాలాసేపు ఉండిపోయా.

కుర్రాడికి అప్పుడు 17, 'సైడ్ పీసర్' అని ఉంది, అంటే మగ్గం కాదు, వడికే యంత్రం దగ్గర తెగిన పోగుల్ని అతికించే పని. చెల్లెలికి 12 ఏళ్లు, 'హాఫ్ టైమ్'. సగం రోజు మిల్లు, సగం రోజు బడి. 12 ఏళ్లకి! మా అమ్మాయికి ఇప్పుడు 11.

వరంగల్ చెల్లీ, నీకు దండం. 1939లో మా ఇంటి నంబరు కొట్టా. భార్యాభర్తలు, తర్వాత రెండు నల్లగీతలు, అంటే రికార్డు ఇంకా మూసే ఉంచారు, చివర్లో 71 ఏళ్ల ముసలావిడ. ఆ ముసలావిడ ఇంటిపేరు పలక మీది ఇంటిపేరే! భార్య పుట్టిన ఏడు 1898, హాఫ్ టైమ్ అమ్మాయి వయసుకి సరిపోయింది. తల్లి కూతురి దగ్గరికి వచ్చేటప్పుడు డబ్బా వెంట తెచ్చుకుందన్నమాట. ఇద్దరికీ వృత్తి గడిలో 'జీతం లేని ఇంటిపనులు' అనే ఉంది, ఆ మాట రాసినవాణ్ణి నాలుగు అనాలనిపించింది.

అమ్మాయి పెళ్లి 1921లో దొరికింది, ఓల్డమ్ జిల్లాలో ఆ రెండు ఇంటిపేర్ల జంట ఒకటే. పుట్టుకల సూచికలో ఆ జంటకి ముగ్గురు పిల్లలు. ఇక్కడ మళ్లీ ఆగా. ఆ ముగ్గురూ తర్వాత ఏమయ్యారు?

రికార్డుల పురుగు:

శభాష్. కానీ ఒక్క నిమిషం, పెళ్లి సర్టిఫికెట్ తెప్పించారా? సూచికలో ఇంటిపేర్లు కలిసినంత మాత్రాన చాలదు. సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి, పోయి ఉంటే చాలాసార్లు పేరు పక్కన ఆ మాట కూడా రాస్తారు. తల్లి పేరు మాత్రం ఉండదు, ఇంగ్లండ్‌లో పెళ్లి రికార్డులోకి తల్లులు వచ్చింది 2021 మే నుంచే. చర్చి పెళ్లి అయితే లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ సైట్‌లో ఉచితంగా ఉండొచ్చు, అక్కడ సాక్షుల పేర్లు చూడండి, తోబుట్టువులే సంతకం పెడతారు ఎక్కువగా.

తర్వాత మెట్టు పిల్లలు కాదు, ఆ 1898 అమ్మాయి మరణం. మరణాల సూచికలో 1969 జూన్ త్రైమాసికం నుంచి పుట్టిన తేదీ వేస్తారు. 1939 రిజిస్టర్‌లో మీకు ఆమె పూర్తి పుట్టిన తేదీ ఉంది కదా, ఆమె 1969 తర్వాత పోయి ఉంటే రెండూ కలిపి చూసుకోండి, అనుమానమే ఉండదు. అప్పుడు మరణ సర్టిఫికెట్ ఒకటి కొనండి. అందులో తల్లిదండ్రుల పేర్ల కోసం వెతక్కండి, స్కాట్లండ్‌లో ఉంటాయి గానీ ఇంగ్లండ్‌లో ఉండవు. మీకు కావాల్సింది మరణం రిజిస్టర్ చేయించినవాళ్ల గడి. పేరు, చనిపోయినామెకి ఏమవుతారు, అడ్రస్. కూతురు అయితే పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరు కూడా అక్కడే చేతికొస్తుంది. నాకు తెలిసి కింది తరానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

అక్కణ్ణుంచి బతికున్నవాళ్లు, కాబట్టి ఇక్కడ ఏమీ పెట్టకండి. ఫేస్‌బుక్ మెసేజ్ చేయకండి, మోసం అనుకుంటారు. కాగితం మీద ఉత్తరం రాయండి, పలక ఫొటో పెట్టండి, డబ్బు అడగట్లేదని మొదటి వాక్యంలోనే చెప్పండి.

పాత ఇంటి కొత్త ఓనర్:

సర్టిఫికెట్లు రెండూ వచ్చాయి. పెళ్లిది సరిపోయింది. మరణం రిజిస్టర్ చేయించింది కూతురే, అడ్రస్ ఇక్కడికి దగ్గర ఊరే. ఓటర్ల జాబితాలో చూస్తే ఆ ఇంటిపేరు వాళ్లు ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నారు, ఆమెనో ఆమె పిల్లలో తెలియదు. ఉత్తరం సోమవారం పోస్ట్ చేశా.

ఒక డౌట్. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, "ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా, నల్లగా ఉంటే ఏం బాగుంటుంది" అని పలకని చింతపండు పెట్టి తోమేస్తానంటోంది. తోమొచ్చా?

బ్రాడ్‌ఫర్డ్ బావ:

వద్దు!! చింతపండూ వద్దు, బ్రాసో పాలిష్ కూడా వద్దు. ఆ నలుపు అలాగే ఉండాలి, పాలిష్ పెడితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. అదే రుమాల్లో చుట్టి అలాగే ఇవ్వండి. అమ్మగారికి వేరే ఇత్తడి చెంబు ఏదైనా చూపించండి.

పాత ఇంటి కొత్త ఓనర్:

చూపించా. కుక్కర్ మూత కూడా తోమేసింది. పలక బీరువాలో పెట్టి తాళం వేశా.