బైపాస్ తర్వాత రక్తంలో కాల్షియం నార్మలే, మరి ఎముకలెందుకు అరుగుతున్నాయి?

వెన్నెల:
నాకు బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ అయి ఆరేళ్లు. బరువు నిలకడగా ఉంది, షుగర్ మందులు కూడా ఆగిపోయాయి. ఈమధ్య డెక్సా స్కాన్ తీస్తే తుంటి ఎముక సాంద్రత బాగా తగ్గిందన్నారు. కాల్షియం ఏటా నార్మల్ అనే వస్తోంది. విటమిన్ డి 19 ఉంది. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పక్కన మాత్రం ఎక్కువని పైకి బాణం గుర్తు. పొద్దున్నే కాల్షియం, ఐరన్ మాత్రలు కలిపే వేసుకుంటాను. వచ్చే వారం డాక్టర్‌ని కలవాలి, ఏమడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

నీరెండ:
వెన్నెల గారూ, నాదీ బైపాసే. కాల్షియం నార్మల్ అని ఊరుకోకండి, దయచేసి. గుండె, నరాలు, కండరాలు పనిచేయాలంటే రక్తంలో కాల్షియం తగ్గకూడదు. తిండి నుంచి చాలకపోతే పీటీహెచ్ పెరిగి, ఎముకలోంచి లాగి మరీ రక్తానికి ఇస్తుంది. మీ బాణం గుర్తుకు అర్థం బహుశా అదే. కాల్షియాన్ని బాగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్ని బైపాస్‌లో తప్పించేస్తారు. పైగా మీ విటమిన్ డి తక్కువగా ఉంది, 30 దాటాలి. బరువు తగ్గడం ఆగినా ఎముక తరుగుదల ఆగకపోవచ్చు.

ఇప్పుడే మీ మాత్రల సీసా వెనక్కి తిప్పి చూడండి. కార్బొనేట్ అని ఉంటే, అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. మనకు మిగిలిన చిన్న సంచిలో ఆమ్లం అంతంతమాత్రం. అందుకే మనకు సిట్రేట్ మేలంటారు. అందులోనూ ఒక మెలిక ఉంది. నా సీసా ముందు పెద్ద అక్షరాల్లో సిట్రేట్ 1000 మిల్లీగ్రాములని ఉంటుంది, వెనక సన్న అక్షరాల్లో ఎలిమెంటల్ కాల్షియం, అంటే అందులోని అసలు కాల్షియం, సుమారు 210 అని. లెక్కలోకి వచ్చేది ఆ రెండోదే. బైపాస్ వాళ్లకు ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు చెబుతారు. ఒక్కసారికి 500, 600 మించకుండా విడగొట్టి వేసుకోవాలి. ఐరన్‌కీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, కలిపితే ఐరన్ సరిగ్గా ఒంటపట్టదు.

చిరుగాలి:
నాది స్లీవ్, అంటే కడుపులో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్. స్లీవ్ వాళ్లకు ఎముకల బెడద లేదనుకుంటారు. బైపాస్ అంత కాకపోయినా మాకూ తగ్గుతుంది. ఎముకకు బరువు పడాలండీ, నడకతో పాటు బరువులెత్తే వ్యాయామం కూడా చేయండి. తుంటి బలహీనంగా ఉంది కాబట్టి ముందు ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకోండి. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గనివ్వకండి.

వెన్నెల:
నా సీసా మీద కార్బొనేటే ఉంది! వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర మొదలుపెట్టాల్సి రావచ్చని కూడా ఫోన్‌లో అన్నారు.

నీరెండ:
ఆ మాత్ర గురించి తప్పకుండా అడగండి. బైపాస్‌లో కుట్టిన చోట ఆ మాత్రల వల్ల పుండు పడే ప్రమాదం ఉందని, మందు అవసరమైతే సాధారణంగా నరానికి ఎక్కించే రకాన్ని చూస్తారు. ఏ రకమైనా విటమిన్ డి ముందు సరిచేయాలి, లేకపోతే మందు పడ్డాక కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. 24 గంటల యూరిన్ కాల్షియం పరీక్ష అవసరమా అనీ అడగండి. పాత పీటీహెచ్ రిపోర్టులుంటే అన్నీ తీసుకెళ్లండి, ఎప్పటి నుంచి పెరుగుతోందో డాక్టర్‌కు తెలుస్తుంది.