నక్షత్రం లైటు ఇంత దూరం ఎలా వస్తుంది? దారిలో అయిపోదా?

పైకిచూపు:
ఎప్పట్నుంచో ఉన్న డౌట్, తెలిసినవాళ్లు కొంచెం క్లియర్ చేయండి. టార్చ్ వేస్తే కొంత దూరం పోయాక వెలుగే ఉండదు కదా, మరి నక్షత్రం లైటు ఏళ్ల తరబడి వచ్చి కూడా మనకి ఎలా కనిపిస్తుంది, మధ్యలో గాలి కూడా లేదాయె. ఆక్సిజన్ లేకుండా అసలు అది మండేదెట్లా? పైగా మనం చూసే చుక్కల్లో సగం ఎప్పుడో చచ్చిపోయాయని ఒక వీడియోలో చెప్పాడు, నిజమేనా?

రాత్రిపక్షి:
మండడం కాదండీ అది. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి హీలియం అవుతాయి, ఫ్యూజన్ అంటారు, దానికి ఆక్సిజన్‌తో పనేం లేదు. సూర్యుడి నడిమధ్యలో దాదాపు 1.5 కోట్ల డిగ్రీలు, అక్కడ సెకనుకి 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతుంటే అందులో 40 లక్షల టన్నులు ఎనర్జీ అయిపోతుంది. అయితే ఆ ఎనర్జీ వెంటనే బయటపడదు. గామా కిరణాలుగా పుట్టి, అడుగడుగునా ఎలక్ట్రాన్లకి గుద్దుకుని, దిక్కు మారి, మళ్లీ గుద్దుకుని, ఇలా పైకొచ్చేసరికి వేల ఏళ్లు, కొందరి లెక్కలో లక్ష పైనే. పైపొర వేడి 5,500 డిగ్రీలే, మన కంటికి కనిపించే లైటు అక్కడ్నుంచి వచ్చేదే. ఆ తర్వాత ఇక్కడికి 8 నిమిషాల 20 సెకన్లు, అంతే!

దుర్భిణి:
టార్చ్ లైటు కూడా ఆగదు బ్రో, పరుచుకుపోతుంది. దూరం రెట్టింపైతే అదే లైటు నాలుగు రెట్లు చోటులో పరుచుకోవాలి కాబట్టి నీ కంట్లో పడేది నాలుగో వంతే. శబ్దానికైతే గాలి కావాలి, లైటుకి ఏదీ అక్కర్లేదు, ఖాళీలోనే హాయిగా సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అడ్డుపడేది ధూళి, పాలపుంతలో నల్లటి చారలు కనిపిస్తాయే అవి అవే. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, 200 మిల్లీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోప్ దానికి 800 రెట్లు లైటు పోగేస్తుంది, అందుకే కంటికి ఆనని చుక్కలు కూడా అందులో కనిపిస్తాయి.

పైకిచూపు:
సూపర్ అన్నా. మరి చచ్చిన చుక్కల సంగతి?

రాత్రిపక్షి:
ఆ వీడియోవాడు ఊదరగొట్టాడు. అభిజిత్ 25 కాంతి సంవత్సరాల దూరం (లైటు ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం), స్వాతి 37, మామూలు కంటికి కనిపించేవి చాలావరకు కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపలే, నక్షత్రాలేమో కోట్ల ఏళ్లు బతుకుతాయి, ఇంతలోనే సగం పోవడానికి ఛాన్సే లేదు. ముసలిదైపోయిన ఆర్ద్ర కూడా ఇంకా ఉండే ఉంటుంది. నిజంగా అలా జరిగింది కావాలంటే 1987లో కనిపించిన సూపర్‌నోవా (నక్షత్రం పేలిపోవడం) చూడండి, పేలింది 1.6 లక్షల ఏళ్ల కిందట, మనకి తెలిసింది ఆ ఫిబ్రవరిలో. తమాషా ఏంటంటే న్యూట్రినోలు (దాదాపు దేనికీ తగలకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలు) లైటు కంటే కొన్ని గంటలు ముందొచ్చాయి, వేగంగా వచ్చి కాదు, పేలుడు దెబ్బ నక్షత్రం పైపొర దాకా వస్తే గానీ లైటు బయటపడలేదు, అవేమో సూటిగా దూసుకొచ్చేశాయి.

దుర్భిణి:
స్వాతి అంటే గుర్తొచ్చింది, 1933లో షికాగో ఎగ్జిబిషన్‌లో లైట్లు వెలిగించింది దాని వెలుగుతోనే, టెలిస్కోపులతో పట్టి ఫోటోసెల్ (లైటు పడితే కరెంటు సిగ్నల్ ఇచ్చే పరికరం) మీద పడేసి ఆ సిగ్నల్‌తో స్విచ్ వేశారు. అంతకుముందు అక్కడ 1893లో జరిగిన ఎగ్జిబిషన్ నాటికి బయల్దేరిన లైటు అని వాళ్ల లెక్క, అప్పట్లో దూరం 40 కాంతి సంవత్సరాలు అనుకున్నారు మరి. ఇప్పటి 37 ప్రకారం చూస్తే ఆ లైటు బయల్దేరేసరికి 1896.