అప్‌డేట్: అక్క పరీక్ష గది విషయం

చక్రాల కుర్చీ వాడే మా అక్కకి పరీక్ష గది పై అంతస్తులో వేశారని, అడిగితే "అందరికీ ఒకటే రూలు" అన్నారని, ఇది వివక్షేనా అని అడిగాను కదా. వివక్షే! ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో రెండో అధికరణం చదివాను. అవతలివాళ్లకు మోయలేని భారం కానప్పుడు, అవసరమైన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షే అని అందులో ఉంది. మీరు చెప్పినట్టే ఆ మాట ఉటంకిస్తూ అర్జీ రాశాం. గది కిందికి మార్చారు.

కానీ బల్ల కిందికి కుర్చీ దూరలేదు. అట్ట ఒళ్లో పెట్టుకుని మూడు గంటలూ వంగి రాసిందట. మెడ పట్టేసి బయటికొచ్చిన అక్కను చూస్తే కడుపు తరుక్కుపోయింది. బల్ల ఎత్తు కొలతలు వేసి మళ్లీ అర్జీ ఇచ్చాం.