‘ఎల్దమొస్తవా’లో ఆ ‘మొ’ ఎక్కడిది?

మద్దిలపాలెం అమ్మాయి: నిన్న ఆర్కే బీచ్‌లో కుర్రాళ్లు డప్పు మీద వంగపండు ప్రసాదరావు ‘ఎల్దమొస్తవా’ పాట ఎత్తుకున్నారు. ఫోన్‌లో చూసి పాడుతున్నారు. అందులో “ఏం పిల్లడా వెళ్దాం వస్తావా” అని ఉంది. డప్పు ఒక దారి, మాట ఒక దారి. అసలు ‘పిల్లడో’నా, ‘పిల్లడా’నా?

సీతమ్మధార మాస్టారు: పిల్లడి సంగతి తర్వాత. నడక చెడింది ‘మొ’ పోయి. ఎల్దము + ఒస్తవా, ఉత్వసంధి. మన నోట్లో ‘వస్త’ ఏనాడో ‘ఒస్త’ అయింది కాబట్టి కుదిరింది. ‘వ’ ఉంటే సంధెక్కడిది?

గాజువాక: సంధి కాదు మాస్టారూ, ఊపిరి. వంగపండు షిప్‌యార్డులో పనిచేసినాయన. మా నాన్నా అక్కడే వెల్డరు. కేరేజీ మూత మీద వేళ్లతో దరువేస్తూ పాడీవోడు. ‘ఎల్ద’కో దెబ్బ, ‘మొస్త’కో దెబ్బ. వంగపండుదే ‘యంత్రమెట్ల’ పాటకీ అదే మూత.

మాస్టారు: ఆ ఊపిరికే వ్యాకరణంలో సంధని పేరు బాబూ.

సాలూరోణ్ణి: పక్కనున్నోణ్ణి ‘పిల్లడా’ అంటాం. అవతల గట్టు మీదోణ్ణయితే ‘పిల్లడో...’ అది శ్రీకాకుళం కొండల్లో పోరాటానికి రమ్మనే కేక. మీరేమో సరసం పాటనుకుని పెళ్లిళ్లలో వేసేస్తన్నారు.

అమ్మాయి: ఎల్దము అనేశాక మళ్లీ వస్తవా అనడమేంటండీ?

సాలూరోణ్ణి: తను ఎల్డం ఖాయం. నువ్వొస్తావా, లేదా? అంతే.

మాస్టారు: కాదు. ‘ఎల్దమని వస్తావా’. ‘అని’ జారిపోయింది.

గాజువాక: ‘అని’ పెడితే పాట చచ్చిపోద్ది! శ్రీకాకుళం ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ విన్న చెవికి ‘అని’ ఎందుకు? పాణిగ్రాహి 1969లో పోయాడు. 1972లో విప్లవ పాటల బృందం జననాట్యమండలి పుట్టింది. అక్కడ గద్దర్‌ది తెలంగాణ యాస, వంగపండుది మన యాస. ఎవరూ ఎవరికోసం మాట దిద్దుకోలేదు.

మాస్టారు: యాసంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. సవర గిరిజనుల దగ్గరికెళ్లి వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు కట్టిన మనిషి. ఆయన చెవిన పడితే ఈ ‘మొ’ ఒక్కదాని మీదే నాలుగు పేజీలు రాసుండేవారు.

సాలూరోణ్ణి: నాలుగూ మీ సంధికి ఎదురే రాసుందురు.

అమ్మాయి: నా ‘పిల్లడో’ ఏమైందండీ?

గాజువాక: 1986 నాటి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలో ఈ పాట ఇప్పుడే మళ్లీ విన్నాను. మాస్టారూ, నాకు ‘మొ’ కూడా కాదు, ‘ము’ వినిపిస్తంది.

మాస్టారు: ఇయర్‌ఫోన్లు మార్చు.