ఒకే ప్రభుత్వ బడి గురించి తల్లిదండ్రులది ఒక మాట, పిల్లలది మరో మాట: దేనికి ఎక్కువ విలువనివ్వాలి?

చర్చ ప్రారంభం: పాఠశాల కమిటీ సభ్యురాలైన ఒక తల్లి

మా అమ్మాయి చదువుతున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల కమిటీలో తల్లిదండ్రుల తరఫున నేను రెండేళ్లుగా సభ్యురాలిని. బడి ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని ఈ ఏడాది తల్లిదండ్రులకు ఒక ప్రశ్నపత్రం, ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్న పిల్లలకు అవే ప్రశ్నలతో మరో పత్రం ఇచ్చాము. పిల్లలను పేర్లు రాయవద్దన్నాము. కాగితాలు తిరిగి వచ్చాక రెండు కట్టలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, అవి ఒకే బడి గురించి రాసినవంటే నమ్మడం కష్టమైంది. పరిశుభ్రత బాగుందని పెద్దల్లో చాలామంది రాస్తే, మరుగుదొడ్ల వైపు వెళ్లాలంటేనే భయమని పిల్లలు రాశారు. తోటి పిల్లల వేధింపులు లేవని పెద్దలు టిక్కు పెట్టిన ప్రశ్నకు, పిల్లలు ఇచ్చిన జాగా చాలక కాగితం తిప్పి వెనక కూడా రాశారు. అలాగని పిల్లలు అన్నీ ఫిర్యాదులే చేశారనుకోకండి. ఉపాధ్యాయులు శ్రద్ధ పెట్టడం లేదని కొందరు తల్లిదండ్రులు రాసిన చోట, అదే ఉపాధ్యాయుల గురించి పిల్లలు ఎంతో ఆప్యాయంగా రాశారు.

కమిటీలో ఒక పెద్దాయన, పిల్లల మాటకు తలా తోకా ఉండదు కాబట్టి తల్లిదండ్రుల కాగితాలనే నివేదికలో పెడదామన్నారు. ప్రధానోపాధ్యాయురాలు రెండింటినీ పెడదామన్నారు గానీ, తేడా వచ్చిన చోట దేన్ని నమ్మి పనిచేయాలో తేల్చలేదు. రోజంతా ఆ గదుల్లో కూర్చునేది పిల్లలే కాబట్టి వాళ్ల కాగితాలకే ముందు చోటు ఇవ్వాలని నా అభిప్రాయం. వచ్చే సమావేశానికి ముందు మీ అనుభవాలు వినాలని ఉంది.

ఎనిమిదో తరగతి విద్యార్థి తండ్రి

అమ్మా, మీ తపన నాకు అర్థమవుతోంది, కానీ నేను మీతో ఏకీభవించలేను. మా అబ్బాయి పోయిన ఏడాదంతా లెక్కల మాస్టారి మీద ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే ఆయన లెక్క మొత్తం మళ్లీ చేయించేవారు. అప్పుడు మీ పత్రం వాడి చేతికిచ్చి ఉంటే ఆ మాస్టారిని బదిలీ చేయమని రాసేవాడు. ఈ ఏడాది కొత్త మాస్టారు మెట్లు అడగడం లేదు, మా వాడికి తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడం రావడం లేదు, పాత నోటుపుస్తకం తీసి తానే వెతుక్కుంటున్నాడు. పిల్లలకు ఆ పూట ఎలా గడిచిందో తెలుస్తుంది. ఆ కష్టం దేనికి పునాదో తెలియడానికి కొన్నేళ్లు పడుతుంది, ఆ లోపల వాళ్ల తరఫున ఆలోచించవలసింది మనమే.

ఇంకొక మాట. పిల్లవాడికి తెలిసింది ఆ ఒక్క బడే. మనం మూడు నాలుగు బళ్లు చూసి, ఇరుగుపొరుగు వాళ్లను విచారించి, పోల్చుకుని చెబుతాం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందంటూనే, ఆ అభిప్రాయానికి వయసును, పరిణతిని బట్టి విలువనివ్వాలని కూడా చెప్పింది. ఆ రెండో భాగాన్ని మరచిపోవద్దని నా మనవి.

ప్రభుత్వ పాఠశాల పూర్వ విద్యార్థిని

నేను బడి వదిలి ఆరేళ్లయింది. ఇక్కడ రాయవలసింది నా చదువు గురించి కాదు, ఒక నీళ్ల సీసా గురించి.

రోజూ సాయంత్రం అమ్మ నా సంచిలోంచి సీసా తీసేది. మూత దాకా నిండుగా ఉండేది. పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే తెచ్చావని, ఒంటి మీద శ్రద్ధ లేదని తిట్టేది. నేను తల వంచుకుని వినేదాన్ని. అసలు సంగతేమిటంటే, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదు. స్క్రూలు ఊడిపోయిన నాలుగు చిల్లులు మాత్రం ఉండేవి. ఒకరు లోపలికి వెళితే ఇద్దరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి, ఆ ఇద్దరు దొరకాలంటే విరామ సమయమే రావాలి, ఆ సమయంలో పెద్ద తరగతుల అబ్బాయిలు ఎదురుగా గోడ మీద కూర్చునేవారు. అందుకని మా తరగతిలో చాలామందిమి ఇంటికి వెళ్లేదాకా నీళ్లు తాగడమే మానేశాము. ఇలా చేద్దామని ఎవరూ ఎవరితోనూ అనలేదు. చూసి నేర్చుకున్నాము.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పవలసిన విషయమని నాకు తోచనే లేదు. బడి అంటే అలాగే ఉంటుందనుకున్నాను. తండ్రిగారు అన్నట్టు నాకు తెలిసింది ఆ ఒక్క బడే, కానీ అందువల్ల నేను ఎక్కువగా ఫిర్యాదు చేయలేదు, అసలు ఫిర్యాదే చేయలేదు. సమావేశాల రోజున అమ్మ వచ్చినప్పుడు వరండా కడిగి ఉండేది, ముగ్గురు నలుగురు టీచర్లు నవ్వుతూ పలకరించేవారు, అవసరమైతే పెద్దవాళ్లకు సిబ్బంది మరుగుదొడ్డి తాళం తీసి ఇచ్చేవారు. దానికి గడియ ఉంది. పరిశుభ్రత బాగుందని అమ్మ రాసి ఉంటే అది తను కళ్లారా చూసి రాసిన నిజమే. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఆ గడియ నేను పదో తరగతి ముగించేదాకా పడలేదు.

విద్యా పరిశోధనలు చదివే ఒక పాఠకుడు

ఈ తేడా మీ బడికే పరిమితం కాదు, దాన్ని ఎవరో ఒకరి పొరపాటుగా చూడడమూ సరికాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ ఆకెన్‌బాక్, ఆయన సహచరులు 1987లో పిల్లల ప్రవర్తన, మానసిక సమస్యల మీద వచ్చిన 119 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. పూర్తి ఏకీభావాన్ని 1గా లెక్కిస్తే, తల్లీ తండ్రీ లాగా ఒకే స్థానంలో ఉన్న ఇద్దరు పెద్దల మాటల మధ్య పొంతన సగటున 0.60 ఉంది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు లాగా వేర్వేరు స్థానాల్లో ఉన్నవారి మధ్య అది 0.28కి పడిపోయింది. పిల్లలు తమ గురించి చెప్పుకున్నదానికీ ఇతరులు వాళ్ల గురించి చెప్పినదానికీ మధ్య ఇంకా తక్కువ, 0.22. ఒక్కొక్కరు పిల్లవాణ్ణి ఒక్కొక్క చోట చూస్తారు, ఆ చోటును బట్టి వాడి తీరు కూడా మారుతుంది, కాబట్టి ఒకరి మాట మరొకరి మాటకు బదులు కాలేదన్నది వారు తేల్చిన విషయం.

వేధింపుల సంగతికి వస్తే నాకు సందేహమే లేదు. నార్వేలో 1982 చివర ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు, తోటివారి తీవ్ర వేధింపులే అందుకు కారణమై ఉండవచ్చని భావించారు. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్తంగా వేధింపుల నివారణ ఉద్యమం చేపట్టింది. దానికి దారి చూపిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వీయస్ తన ప్రశ్నావళిని తల్లిదండ్రుల చేతికి కాక, పేర్లు రాయనవసరం లేకుండా నేరుగా విద్యార్థుల చేతికి ఇచ్చారు. వేధింపుకు గురయ్యే పిల్లల్లో చాలామంది ఇంట్లో నోరు విప్పరు. ఇంటికి చేరని సంగతిని ఇంటివాళ్లను అడిగి ప్రయోజనమేముంది?

లెక్కల మాస్టారి గురించి తండ్రిగారు వెలిబుచ్చిన భయం సహజమైనదే, కానీ పిల్లలను మనం తక్కువ అంచనా వేస్తున్నామేమో ఆలోచించండి. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ 2009లో ప్రారంభించిన ఒక పెద్ద అధ్యయనంలో సుమారు 3,000 మంది ఉపాధ్యాయుల తరగతులను పరిశీలించారు. హార్వర్డ్ అధ్యాపకుడు రొనాల్డ్ ఫెర్గూసన్ రూపొందించిన ట్రైపాడ్ అనే ప్రశ్నావళితో విద్యార్థుల అభిప్రాయాలు సేకరించి, ఆ తరగతుల్లో చదువు ఎంత ముందుకు సాగిందో దానితో పోల్చారు. పిల్లల జవాబుల్లో చదువులో ప్రగతితో ఎక్కువగా ముడిపడి ఉన్నవి టీచరు ఎంత ప్రేమగా ఉంటారన్నవి కావు. తరగతి అదుపులో ఉందా, టీచరు మా చేత గట్టిగా కష్టపడేలా చేస్తున్నారా అన్న ప్రశ్నలకు వచ్చిన జవాబులే. అంటే, అడగవలసినట్టు అడిగితే, మెట్టు వదిలితే ఊరుకోని మాస్టారికి పిల్లలే మంచి సాక్ష్యం చెబుతారు.

తల్లిదండ్రులు ఉపాధ్యాయులను తప్పుబడితే పిల్లలు మెచ్చుకున్నారని చర్చ ప్రారంభించినవారు రాసింది కూడా నాకు వింతగా అనిపించలేదు. అమెరికాలో ఫై డెల్టా కప్పా అనే విద్యావేత్తల సంస్థ 1969లో మొదలుపెట్టిన ప్రజాభిప్రాయ సేకరణల్లో, తమ బిడ్డ చదివే ప్రభుత్వ బడికి తల్లిదండ్రులు ఇచ్చే గ్రేడు, దేశంలోని ప్రభుత్వ బళ్లన్నింటికీ ప్రజలు ఇచ్చే గ్రేడుకన్నా ఎంతో మెరుగ్గా ఉంటూ వచ్చింది. దగ్గరగా చూసినవారు మంచిని కూడా చూస్తారు. ఉపాధ్యాయులకు పిల్లలకన్నా దగ్గరగా ఉన్నవారెవరు?

ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

ఇంతవరకు అందరూ తల్లిదండ్రుల అభిప్రాయమంటే తల్లిదండ్రులందరి అభిప్రాయమన్నట్టు రాస్తున్నారు. నా తరగతి సమావేశాలకు ఎవరు వస్తారో నేను చూస్తున్నాను. పిల్లలు బాగా చదివే ఇళ్ల నుంచి వస్తారు, సమయం చిక్కే ఉద్యోగాల వాళ్లు వస్తారు. రోజు కూలి మీద బతికే తల్లి ఒక పూట వదులుకుని రాలేదు. అక్షరాలు రానివాళ్లు ప్రశ్నపత్రాన్ని పిల్లల చేతే నింపిస్తారు, అప్పుడది ఎవరి అభిప్రాయమో మీరే చెప్పండి. సరిగ్గా ఆ ఇళ్ల పిల్లలే తరగతిలో ఎక్కువ ఇబ్బంది పడేది. వాళ్ల మాట బడికి చేరే దారి పిల్లల కాగితం ఒక్కటే.

అయితే నా భయం కూడా చెప్పాలి. పిల్లల కాగితాల ఆధారంగా ఉపాధ్యాయుల పనికి మార్కులు వేయడం మొదలుపెడితే, మాలో కొందరు పిల్లలను మెప్పించడానికే పాఠం చెబుతారు. అందుకని "ఈ టీచరు మంచివారా?" అని అడగకండి. "అర్థం కాలేదని చెప్పినప్పుడు టీచరు మరోలా వివరిస్తారా?", "పోయిన వారం నిన్ను ఎవరైనా కొట్టారా, పేరు పెట్టి ఏడిపించారా?", "మరుగుదొడ్డికి గడియ ఉందా?" అని అడగండి. జరిగినదాన్ని చెప్పడానికి పన్నెండేళ్ల పిల్లకు పరిణతి చాలదని ఎవరూ అనలేరు.

ఎనిమిదో తరగతి విద్యార్థి తండ్రి

గడియ సంగతి చదివాక నేను కొంత వెనక్కి తగ్గుతున్నాను. జరిగిన విషయాలకు పిల్లలే సాక్షులని ఒప్పుకుంటాను. అయితే ఆ సాక్ష్యంతో ఏం చేయాలన్న నిర్ణయం, అంటే టీచరును మార్చడమా, వేళలు మార్చడమా, పిల్లవాణ్ణి ఆ బడిలోనే ఉంచడమా అన్నది మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ బరువును పిల్లల మీద పెట్టడం వాళ్లకు న్యాయం చేసినట్టు కాదు.

బడి మార్పించిన ఒక తల్లి

ఆ నిర్ణయం నేను ఒక్కదాన్నే తీసుకున్నాను. పరీక్షా ఫలితాలు తగ్గాయని, మా అమ్మాయిని అడగకుండానే ప్రభుత్వ బడి నుంచి తీసి మరోచోట చేర్పించాను. నత్తి ఉన్న మా పిల్ల చేత ఆ పాత బడిలో ఒక టీచరు రోజూ ప్రార్థన సమయంలో ఒక వాక్యం చదివించేవారని, మొదట్లో ఆగుతూ ఆగుతూ చదివిన పిల్ల ఏడాది చివరికి పేరా మొత్తం చదవగలిగేదని నాకు తెలియదు. ప్రోగ్రెస్ కార్డులో దానికి గడి లేదు. కొత్త బడిలో మార్కులు పెరిగాయి, నోరు మాత్రం మూతపడింది. తండ్రిగారూ, నిర్ణయం మనదే అయినా, అడిగి తీసుకున్న నిర్ణయం వేరు, అడగకుండా తీసుకున్నది వేరు.

చర్చ ప్రారంభించిన తల్లి

నిన్న కమిటీ సమావేశం జరిగింది. టీచరమ్మగారు సూచించిన పద్ధతిలో ప్రశ్నలు మార్చి, పిల్లలను ఇంకొకసారి అడగాలని తీర్మానించాము. తేడా వచ్చిన చోటల్లా నివేదిక రాసేముందు ఇద్దరు సభ్యులు, ఇద్దరు విద్యార్థులు కలిసి ఆ చోటికి వెళ్లి చూడాలని కూడా రాసుకున్నాము. పిల్లల మాటకు తలా తోకా ఉండదన్న పెద్దాయనే ముందుగా లేచారు. మేమంతా ఆడపిల్లల మరుగుదొడ్ల దగ్గరికి వెళ్లాము. మూడు తలుపుల్లో ఒకదానికి గడియ ఉంది, రెండో దానికి గడియ స్థానంలో తాడు కట్టి ఉంది, మూడో తలుపు అసలు మూసుకోవడం లేదు. తాడు ఎవరు కట్టారని అడిగితే మాతో వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి తనే కట్టానని చెప్పింది. ఆ పెద్దాయన మరమ్మతు పని తాను చేయిస్తానన్నారు.

పూర్వ విద్యార్థిని గారిని ఒక్క మాట అడగాలని ఉంది. మీ అమ్మగారికి ఆ సీసా సంగతి తర్వాతైనా చెప్పారా?

ప్రభుత్వ పాఠశాల పూర్వ విద్యార్థిని

ఇన్నేళ్లుగా చెప్పలేదండి. ఇక్కడ రాశాక మొన్న రాత్రి చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రోజూ తిట్టాను గానీ, ఒక్కరోజైనా ఎందుకు తాగలేదని అడగలేదు కదే" అంది.