డాన్ భార్యను వదిలి పారిపోవడం మీకు నమ్మేలా అనిపించిందా? ('28 వీక్స్ లేటర్')

సెకండ్‌షో: నిన్న రాత్రి '28 వీక్స్ లేటర్' (2007) మళ్లీ చూశాను. 2002లో వచ్చిన '28 డేస్ లేటర్'కి ఇది కొనసాగింపు. పల్లెటూరి ఇంట్లో దాక్కున్న డాన్, ఆలిస్ దంపతులు తలుపు కొట్టిన ఒక పిల్లాణ్ణి లోపలికి రానిస్తారు. కాసేపటికే వైరస్ సోకినవాళ్లు వచ్చి మీద పడతారు. పిల్లాణ్ణి వదల్లేక ఆలిస్ పై గదిలో ఆగిపోతుంది. డాన్ కిటికీలోంచి దూకి పరుగందుకుంటాడు. అంతకుముందే భార్యతో అంత ప్రేమగా ఉన్న మనిషి ఇలా చేస్తాడా? కథ నడవడానికి దర్శకుడే అతన్ని పరిగెత్తించాడనిపించింది.

గోదారిగట్టు: నేను ఒప్పుకోను. మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి గ్యాస్ లీకైంది. నేను మూడంతస్తులు దిగి రోడ్డు మీద నిలబడ్డాక గానీ అమ్మ పైనే ఉందని గుర్తు రాలేదు. అమ్మకేమీ కాలేదు, ఆ విషయం తను మళ్లీ ఎత్తనూ లేదు. కానీ నాకు ఆ మెట్లు ఇప్పటికీ గుర్తే. ప్రేమ లేక కాదండీ, ఒళ్లు ముందు కదిలిపోతుంది, బుద్ధి తర్వాత వస్తుంది.

అసలు చూడాల్సింది తర్వాత డాన్ ఆడిన అబద్ధం. తన సొంత పిల్లలు లండన్ వచ్చాక, వాళ్ల అమ్మను కాపాడే వీలే లేకపోయిందన్నట్టు చెబుతాడు. ఆ సీన్లో డాన్‌గా వేసిన రాబర్ట్ కార్లైల్ ముఖం చూడండి. ఏడుపు నిజం, మాట అబద్ధం.

తెరవెనక: పరుగు సరే, నమ్మాను. ఆలిస్ బతికే దొరికాక ఏం జరిగింది? ఒంట్లో వైరస్ ఉన్నా లక్షణాలు లేని మనిషి ఆమె. అలాంటామెను ఉంచిన గది దగ్గర కాపలా లేదు! భవనం బాగోగులు చూసే డాన్ తన కార్డు గీకి లోపలికి వెళ్లిపోతాడు. లండన్‌కి కాపలా కాస్తున్న, అన్ని తుపాకులున్న అమెరికన్ సైన్యం ఆ ఒక్క తలుపును ఎలా మర్చిపోయింది? లోపల క్షమాపణ అడిగి ముద్దు పెట్టుకోవడం మాత్రం డాన్ చేసే పనే.

ఇంకోటి, ఆ ముద్దుతో వైరస్ సోకాక డాన్ పిల్లల్నే వెంటాడతాడు. మిగతావాళ్లంతా ఎవరు దొరికితే వాళ్ల మీద పడుతుంటే ఇతనొక్కడికే గురి ఎక్కడిది? మొదటి సినిమా పెట్టిన నియమమే తప్పింది కదా.

గోదారిగట్టు: కాపలా విషయంలో మీతో వాదించను, అది పెద్ద లోపమే. వెంటాడటం గురించి నేనూ చాలా ఆలోచించాను. వదిలేసి పారిపోయిన తండ్రి ఈసారి వదలకుండా వెంటపడటం నన్ను నిజంగా భయపెట్టింది. కానీ అది దర్శకుడి ఆలోచనగానే కనిపిస్తుంది, ఆ జబ్బు లక్షణంగా కాదు. ఆ సైన్యంలోని స్నైపర్ డోయల్‌ని చూడండి. అతని గతం మనకు దాదాపు ఏమీ తెలియదు. పౌరుల్ని కూడా కాల్చమని ఆర్డర్ వస్తుంది, తుపాకీ గురిలో డాన్ కొడుకు ఆండీ కనబడతాడు, కాల్చలేకపోతాడు. నమ్మడానికి అంతకన్నా ఏం కావాలి?

సెకండ్‌షో: మీ మెట్ల సంగతి చదివాక ఆ పది నిమిషాలు మళ్లీ పెట్టి చూశాను. పరిగెడుతూ డాన్ ఒకసారి వెనక్కి తిరుగుతాడు, ఆలిస్ కిటికీ దగ్గర కనబడుతుంది. దూకినప్పుడు ఒళ్లు ముందు కదిలిందంటే ఒప్పుకుంటాను. ఆమెను చూశాక మళ్లీ పరిగెత్తాడు చూడండి, అక్కడ బుద్ధి కూడా వచ్చేసింది. పిల్లలకు అబద్ధం చెప్పింది దూకినందుకు కాదు, ఈ రెండో పరుగుకేనేమో.