కౌబాయ్స్ ప్రీసీజన్ మ్యాచ్‌కి పిలిచారు, వెళ్లాలా?

ఇర్వింగ్ నుంచి, 2025 ఆగస్టు 18

అందరికీ నమస్కారం. జూన్‌లో వరంగల్ నుంచి వచ్చాను, ఆఫీసు లాస్ కోలినాస్‌లో. మా టీమ్‌లో తెలుగువాళ్లెవరూ లేరు. సోమవారం మీటింగ్ మొదలయ్యేలోపు అందరివీ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ కబుర్లే. శనివారం సొంత గడ్డ మీద బాల్టిమోర్ చేతిలో ఓడిపోయారు కదా, ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. పైగా "డాక్ ఆడలేదుగా" అని నవ్వుకుంటున్నారు. అంత జీతం తీసుకునేవాణ్ని ఎందుకు ఆడించలేదో అడగడానికి మొహమాటపడ్డాను. ఈ శుక్రవారం అట్లాంటాతో ప్రీసీజన్ మ్యాచ్‌కి (అసలు సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్ అట) మా మేనేజర్ దగ్గర ఒక టికెట్ మిగిలింది, వస్తావా అన్నారు. నిజం ఆటగాళ్లని ఎంచుకుని పాయింట్లు లెక్కేసుకునే ఫాంటసీ లీగ్‌లో కూడా చేరమంటున్నారు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. వెళితే అక్కడ ఏం చూడాలి?

ఫ్రిస్కో నుంచి

తమ్ముడూ, టికెట్ వదులుకోకు. మేనేజర్‌తో మూడు గంటలు ఆఫీసు సంగతులు లేకుండా గడిపే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో.

డాక్ ప్రెస్కాట్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. అతన్ని కావాలనే కూర్చోబెట్టారు. పోయిన నవంబరులో అట్లాంటాలో ఆడుతుండగా అతని కుడి తొడ వెనక కండరం ఎముక దగ్గర కొంత ఊడింది. సర్జరీ అయింది, సీజన్ అక్కడితో సరి. అంతకు రెండు నెలల ముందే నాలుగేళ్లకి 240 మిలియన్ డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడతనికి 32 ఏళ్లు. లెక్కలోకి రాని మ్యాచ్‌లో ఆ కాలిని పణంగా పెట్టే కోచ్ ఎవడూ ఉండడు. శుక్రవారం కూడా మైదానంలోకి రాడనే నా అంచనా.

ఈ భయానికి పాత కథ ఒకటుంది. 2016 ఆగస్టులో సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్. అప్పటి క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో మ్యాచ్ మొదలైన మూడో ప్రయత్నానికే వెనక నుంచి పట్టేసిన దెబ్బకి కింద పడి, వెన్నుపూస విరగ్గొట్టుకున్నాడు. అతని బ్యాకప్ కెల్లెన్ మూర్‌కి అప్పటికే క్యాంప్‌లో కాలు విరిగింది. ఇంక గత్యంతరం లేక, ఆ ఏడు డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే వరసలో) నాలుగో రౌండులో తీసుకున్న కొత్త కుర్రాడికి బంతి ఇచ్చారు. ఆ కుర్రాడే డాక్. ఆ ఏడు జట్టు 13 గెలిచి 3 ఓడింది. రోమోకి మళ్లీ ఆ కుర్చీ దక్కలేదు, మరుసటేడు రిటైరై టీవీ కామెంటరీకి వెళ్లిపోయాడు. ఇక్కడి పాతవాళ్లకి ఆగస్టు అంటే గుర్తొచ్చేది అదే. స్కోరు ఎవడికి కావాలి, ఎవరూ కుంటుకుంటూ బయటికి రాకపోతే చాలనుకుంటారు.

మరి ఈ మ్యాచ్‌లు దేనికంటావా? 90 మందిని ఈ నెల 26కల్లా 53కి తగ్గించాలి. శుక్రవారం రెండో సగంలో నీకు కనిపించే వాళ్లలో చాలామందికి అదే ఆఖరి ఇంటర్వ్యూ. తీసేసిన వాళ్లలో కొందరిని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకుంటారు. మన కన్సల్టెన్సీలో బెంచ్ లాంటిది: జీతం తక్కువ, ప్రాజెక్టు ఎప్పుడొస్తుందో తెలీదు, ఇంకో కంపెనీ పిలిస్తే వెళ్లిపోవచ్చు.

క్వార్టర్‌బ్యాక్‌ల సంగతికొస్తే, నువ్వు చూడబోయేది జో మిల్టన్‌ని. పోయినేడు డాక్ పడిపోయాక బండి లాగిన కూపర్ రష్ ఇప్పుడు బాల్టిమోర్‌లో ఉన్నాడు. అతని బదులు ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ నుంచి మిల్టన్‌ని తెచ్చారు. భుజబలం అసాధారణం, మోకాళ్ల మీద కూర్చుని కూడా మనం నిలబడి విసిరే దానికి రెండింతల దూరం విసరగలడు. జనవరిలో న్యూ ఇంగ్లండ్ తరఫున బఫెలో మీద ఒక మ్యాచ్‌లో, మొదలైన కాసేపటికే దిగి మిగతాదంతా ఆడి, 23-16తో గెలిపించాడు కూడా. కానీ నాకు నమ్మకం కుదరలేదు. పది గజాల దూరంలో ఉన్నవాడికి కూడా యాభై గజాల వేగంతోనే కొడతాడు, అవతలివాడి చేతులు ఏమవ్వాలి? శుక్రవారం బంతి వెంట చూపు పరిగెత్తించకు. బంతి అందుకున్నాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టు. మూడు దాటినా ఇంకా చేతిలోనే ఉంచుకుని అటూ ఇటూ చూస్తున్నాడంటే ఎక్కడ వెయ్యాలో తేల్చుకోలేకపోతున్నాడని అర్థం. అవతలి వాళ్లు మీద పడేది కూడా అప్పుడే.

మూడోవాడు విల్ గ్రియర్. ఇతనంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 2023లో ఆఖరి ప్రీసీజన్ మ్యాచ్‌కి ఒక్క రోజు ముందు కౌబాయ్స్ ట్రే లాన్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని వేరే జట్టు నుంచి తెచ్చుకున్నారు. అంటే గ్రియర్ ఉద్యోగం పోయినట్టే, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా మర్నాడు రైడర్స్ మీద మ్యాచ్ మొత్తం ఆడి 305 గజాలు విసిరాడు, రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం) పాస్ చేశాడు, ఇంకో రెండు తనే పరిగెత్తి కొట్టాడు. తర్వాత తీసేశారు. ఎవరికోసమైతే తీసేశారో ఆ లాన్స్ మరుసటేడు ఆగస్టులో చార్జర్స్ మీద ఒకే మ్యాచ్‌లో ఐదుసార్లు బంతిని అవతలి వాళ్ల చేతిలో పెట్టాడు. గ్రియర్ మళ్లీ ఇక్కడే ఉన్నాడు, లాన్స్ లేడు.

సీజన్ ఎలా ఉంటుందని ఆఫీసులో అడుగుతారు. 2023లో 12 గెలిచి 5 ఓడారు, పోయినేడు 7 గెలిచి 10 ఓడారు. కోచ్ బ్రయన్ షాటెన్‌హైమర్ కొత్త. సీడీ లాంబ్‌కి తోడు జార్జ్ పికెన్స్‌ని తెచ్చారు, కాబట్టి బంతి పట్టేవాళ్లకి కొదవ లేదు. నా బెంగ అంతా డాక్ ముందు గోడలా నిలబడాల్సిన లైన్ గురించే. జాక్ మార్టిన్ రిటైరయ్యాడు, ఆ చోటులో టైలర్ బుకర్ అనే కొత్త కుర్రాడు. ఎడమవైపు కాయాల్సిన గైటన్‌కి క్యాంప్‌లో మోకాలు దెబ్బతింది. ఇక మన డిఫెన్స్‌కి ప్రాణమైన మైకా పార్సన్స్ కొత్త ఒప్పందం కోసం అలిగి, నన్ను వేరే జట్టుకి పంపించెయ్యండన్నాడు. ఓనర్ జెర్రీ జోన్స్ పోయినేడు లాంబ్‌తోనూ డాక్‌తోనూ ఇలాగే చివరిదాకా లాగి సంతకం పెట్టించాడు, ఇప్పుడూ అంతే అవుతుందనుకుంటున్నా. డాక్ పదిహేడు మ్యాచ్‌లూ ఆడితే తొమ్మిది గెలుస్తారు. మిల్టన్ చేతికి వస్తే ఆరు కూడా కష్టమే. "ఈసారి సూపర్ బౌల్ (ఫైనల్) మనదే" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఆఖరిసారి గెలిచింది 1996 జనవరిలో, నువ్వు పుట్టావో లేదో.

ప్లేనో నుంచి

అన్నయ్యగారు ఆట చెప్పారు, నేను దారి చెబుతా. కౌబాయ్స్ ఆడే ఆర్లింగ్టన్ స్టేడియానికి మన డాలస్ డార్ట్ ట్రైన్ వెళ్లదు బాబూ. మేనేజర్ కారులో చోటుంటే అందులోనే వెళ్లు. మ్యాచ్ అయ్యాక ఊబర్ పట్టుకుంటే చుక్కలు కనిపిస్తాయి. ఆఫీసు బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లకు, గేటు దగ్గరే ఆపేస్తారు. లోపలున్నవన్నీ కనిపించే ప్లాస్టిక్ సంచీకే అనుమతి. లోపల ఏసీ దంచేస్తుంది, పల్చటి జాకెట్ ఉంచుకో. శాకాహారివైతే తినే వెళ్లు. ఫ్రైస్, పాప్‌కార్న్ తప్ప మావారికి ఇంకేం దొరకలేదు.

ఇర్వింగ్ నుంచి

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. వస్తానని చెప్పేశాను. మరి ఫాంటసీ లీగ్? డాక్‌ని మొదటే తీసుకుంటే ఆఫీసులో మంచి పేరొస్తుందా?

మెకిన్నీ నుంచి

పేరొస్తుంది, ఏడాదంతా నవ్వుకునే పేరు! పన్నెండు మంది లీగ్‌లో ఒక్కొక్కరు వారానికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే ఆడిస్తారు, జట్లేమో 32 ఉన్నాయి. వాళ్లకి కరువు రాదు. ముందు పరిగెత్తేవాళ్లని, బంతి పట్టేవాళ్లని తీసుకో. లాంబ్ మొదటి రౌండులోనే వెళ్లిపోతాడు. డాక్ బాగా కిందికి దొరుకుతాడు, అప్పుడు తీసుకుంటే డబుల్ సంతోషం. ఇంకో మాట. టెక్సాస్‌లో ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్‌కి చట్టం ఒప్పుకోదు. ఎవరో యాప్ లింక్ పంపారని కార్డు నంబరు ఇచ్చెయ్యకు, వీసా మీదున్నవాళ్లం మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఫ్రిస్కో నుంచి

సెప్టెంబరు 4, గురువారం రాత్రి అసలు సీజన్ ఫిలడెల్ఫియాలో మొదలవుతుంది. వాళ్లే ఇప్పటి చాంపియన్లు. మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది, ఆరున్నరకల్లా వచ్చెయ్. మీ చెల్లెమ్మ మిరపకాయ బజ్జీలు వేస్తానంది. ఇంకెవరైనా వచ్చేట్టుంటే ఇక్కడే రాయండి, పిండి ఎంత కలపాలో తెలియాలి.